తొలి ఊపిరి కోసం మెడకు కాపడం

వైశాఖం

మా అమ్మాయి దమయంతి ఊరు కట్టేసింది, అందులో గాలి నిలిచింది, తొలి ఊపిరి పీల్చేది నేనే.

పొద్దున్నుంచి ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. నీళ్లు పట్టేచోట చెప్పాను. ఆకుకూరల అరల దగ్గర చెప్పాను. ఎదురింటి తలుపు కొట్టి, నిద్రపోతున్నవాళ్లను లేపి మరీ చెప్పాను. చివరికి మా ఆవిడ వరహాలమ్మ, "ఏటయ్యా, ఇంక గోడలే మిగిలాయి. కాసిని నీళ్లు తాగి వాటికి సెప్పు," అంది. తాగుతూ కూడా నవ్వాను. ముక్కులోంచి నీళ్లు బయటికొచ్చి బొట్లు బొట్లుగా గదంతా తేలాయి. ఆవిడ గుడ్డ పట్టుకుని వాటి వెంట పడింది.

మేముండేది ఆకాశంలో గిర్రున తిరిగే నీలికొండ చక్రంలో తేలిక పేట. చక్రం నడిమధ్యన కాబట్టి ఇక్కడ బరువు ఉందీ లేనట్టే. ఆకాశపడవలు కట్టే యార్డులో పనిచేసి రిటైరైన మాలాంటి మోకాళ్ల నొప్పులవాళ్లకి ఇదే సుఖం. చక్రం అంచున ఉన్న బరువు పేటలో మాత్రం మనిషి నేలమీద నిలబడాలి, మోకాళ్లు మొత్తుకోవాలి.

అమ్మాయి కట్టిన ఊరు పేరు గుమ్మడిరాయి, ఆకాశంలో తేలే ఓ పెద్ద రాయి. చారలు చారలుగా గుమ్మడికాయలాగే ఉంటుందట. దాని కడుపు తొలిచి, బరువు పుట్టేలా గిర్రున తిప్పి, వీధులు వేసి, ఇళ్లు పేర్చి, గాలి నింపింది. నేను ఐదో తరగతితో ఆపేసినవాణ్ని. నా కూతురు ఒక రాయిని ఊరు చేసింది. ఇంకేం కావాలి నాకు.

కొత్త ఊరు ఎక్కడ కట్టినా మాకో కట్టుబాటు ఉంది. కట్టినవాళ్ల అమ్మో నాన్నో ముందు లోపలికి వెళ్లాలి. ఊపిరాడేందుకు తొడుక్కున్న తలమూత తీసి, ప్రమిద వెలిగించి, నూనె అయిపోయేదాకా ఒంటరిగా కూర్చోవాలి. అప్పటిదాకా లోపల పనిచేసేవాళ్లు కూడా తలమూత తీయకూడదు. తర్వాతే మిగతా కుటుంబాలు. కన్నవాళ్లను కూర్చోబెట్టలేని గోడల మధ్య పరాయివాళ్ల పిల్లల్ని కాపురం పెట్టించకూడదని పెద్దలు అనుకున్నారు.

వరహాలమ్మ గుండెలో మిషను ఉంది, పడవ కుదుపుకి డాక్టర్లు ఒప్పుకోరు. ఇంక మిగిలింది నేను. నేనూ వెళ్లలేకపోతే అమ్మాయి కింద పనిచేసిన ఇంజినీరు వాళ్లమ్మ కూర్చుంటుంది. అప్పుడు ఆ ఊరి తలుపు మీద కట్టినవాళ్లుగా వాళ్ల ఇంటిపేరే చెక్కుతారు. ఆవిడ మంచి మనిషే, నాకు కోపం లేదు. కానీ కుదరదు. ఆశ్వయుజంలో పడవ బయలుదేరుతుంది, అందులో నేనుంటాను.

వైశాఖం, అదే వారం

మెడ పట్టలేదు.

పడవ ఎక్కేవాళ్లందరికీ బరువు పేట రేవులో కాలరు పరీక్ష ఉంటుంది. తలమూత కింద రబ్బరు కాలరు మెడను గట్టిగా పట్టుకోవాలి. పడవలో గాలి పోయిన రోజున మనిషిని బతికించేది అదే. కాలరు తొడిగి గాలి కొడతారు, ముల్లు కదలకుండా నిలిస్తే పాస్. నాకు కొట్టగానే బుస్సుమంది.

పరీక్ష చేసే హైమావతి మేడమ్ మర్యాదస్తురాలు. "తవిటినాయుడు గారూ, మీ మెడ మడతల్లోంచి గాలి పోతోంది. తప్పు మీది కాదు. యార్డు మెడలన్నీ ఇంతే," అన్నారు.

నిజమే. బరువు లేని చోట ఒంట్లో నీరంతా మొహానికి ఎక్కుతుంది. ముప్పై ఏళ్లు నా మొహం నూనెలో పూరీలా ఉండేది. పని మానేశాక పొంగు కొంత దిగింది, చర్మం మాత్రం సాగినచోటే ఉండిపోయింది. గడ్డం కింద ఖాళీ సంచి వేలాడుతున్నట్టుంటుంది.

"కోత కోయించుకోనా?" అన్నాను.

"కుట్లు పడ్డ మెడను ఏడాదిదాకా పడవ ఎక్కనివ్వం."

ఇంటికొచ్చాక వరహాలమ్మ నా మెడ చర్మాన్ని వెనక్కి లాగి పట్టీలు అంటించింది. అవి ఊడిపోతే బట్టల క్లిప్పులు పెట్టింది. అద్దంలో చూసుకుంటే కళ్లు చెవుల దగ్గరికి పోయాయి.

"ఇలాగెల్తే నీ కూతురే పోల్చుకోదు," అని క్లిప్పులు పీకేసింది. "కాపడం కొట్టుకి పద."

వైశాఖం చివర

కాపడం కొట్టు అంటే షమీమ్ కొట్టు. దాని అసలు పేరు రేడియో తరంగాలతో చర్మం బిగించే కేంద్రం. అంత పేరు ఎవరు పలుకుతారు. వేడి పెట్టి నొప్పులు తీసినట్టే వేడి పెట్టి చర్మం బిగిస్తుంది కాబట్టి అందరికీ కాపడమే. కోయరు, గుచ్చరు. పెళ్లిళ్లకు ముందు యార్డు ఆడవాళ్లు ఎక్కువగా వస్తారు. నన్ను చూసి వరసలో ఉన్న ఒకామె, "తాతకి సంబంధం కుదిరిందేటి?" అంది. "నాకు కాదమ్మా, మా అమ్మాయి ఊరు కట్టింది," అని మొత్తం కథ చెప్పాను. తన వంతు నాకిచ్చి, ఇంక వినలేనని బయటికెళ్లిపోయింది.

షమీమ్ నలభై ఏళ్ల మనిషి. మెడ అటూ ఇటూ తిప్పి చూసి, ఉంగరం, చెవిపోగు, మొలతాడు వెండి బిళ్లతో సహా తీయించింది. ఒంటిమీద లోహం ఉండకూడదట. గుండెలో మిషను ఉందని తెలిసి వరహాలమ్మను బయటి గదిలో కూర్చోమంది.

"చర్మం కింద నార ఉంటాది బాబాయ్," అని చెప్పింది. "తరంగాలు లోపలికెళ్లి ఆ నారని వేడి సేస్తాయి. అది ముడుసుకుంటాది. తర్వాత కొత్త నార మెల్లిగా అల్లుకుంటాది. ఇయ్యాల కాపితే రేపటికి బిగిసిపోదు. నెలలు పడతాది. నీ వయసులో ఎంత వస్తాదో నాను మాటివ్వను."

"ఆశ్వయుజానికి కాలరు పట్టాలమ్మా."

"మాటివ్వనన్నాను కదా."

"నువ్వివ్వక్కర్లేదు. నేనిస్తున్నాను," అన్నాను.

ఆమె నవ్వలేదు. కుర్చీలో కట్టేసింది. చల్లటి జిగురు రాసి, గుండ్రటి మూతి ఉన్న పిడిని గడ్డం కింద ఆనించి ఇస్త్రీ చేసినట్టు తిప్పడం మొదలుపెట్టింది. ఆ వెచ్చదనం ఏమని చెప్పను. యార్డులో ముప్పై ఏళ్లు ఎముకల్లో కూర్చున్న చలి లేచి వెళ్లిపోతున్నట్టుంది. మెడ ఎలా ఉందో ప్రతిసారీ రాసి చూపించమంది. ఇప్పటిదాకా రాసింది చూపిస్తే, "మెడ గురించి రాయమంటే ఊరు గురించి రాసేవేటి బాబాయ్," అంది.

జ్యేష్ఠం

చెవి కింద బొబ్బ లేచింది. తప్పు నాదే.

పిడి తిప్పుతూ షమీమ్ అడుగుతూనే ఉంటుంది, వేడి పదికి ఎంత అని. ఎక్కువ వేడి తగిలితే ఎక్కువ బిగుస్తుందని నా లెక్క. ఎనిమిది అనిపించినప్పుడు మూడు అన్నాను. తొమ్మిది అనిపించినప్పుడు నాలుగు అన్నాను. కళ్లలో నీళ్లు తేలితే, "సంతోషం తల్లీ," అన్నాను.

ఇవాళ బొబ్బ చూసి పిడి పక్కన పెట్టేసింది. "నీ సర్మం లోపల ఏటవుతందో నాకు కనిపించదు. మిషను కొంత సెప్తాది, మిగతాది నువ్వు సెప్పాల. నువ్వు అబద్ధమాడితే నాను గుడ్డిదాన్ని," అంది. మానేదాకా కాపడం లేదంది.

బయట వరహాలమ్మ చేతులు కట్టుకుని ఉంది. "అయిదంటే అయిదను, ఏడంటే ఏడను. నీ మగతనం కాలరుకి అక్కర్లేదు," అంది. ఆవిడ మాట ఎప్పుడూ తూకానికే ఉంటుంది. ఇకనుంచి నిజమే చెప్తాను. రోజులు పోయాయని బాధ ఉంది, అయినా మాసం మారినంత మాత్రాన నా మాట మారదు.

శ్రావణం

మెడ బిగిసింది. వేలితో లాగితే వెనక్కి పోతోంది. సంచి లేదు. అద్దంలో గడ్డం ఎక్కడ ఆగి మెడ ఎక్కడ మొదలవుతుందో తెలుస్తోంది. వరహాలమ్మ రెండుసార్లు చూసి, మూడోసారి ఏదో పనున్నట్టు వచ్చి చూసింది.

షమీమ్ ఒక పాత కాలరు తెప్పించి కొట్లోనే తొడిగి గాలి కొట్టింది. ముల్లు కదల్లేదు. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. నేను షమీమ్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. "జిగురుంది బాబాయ్," అంది. ఉండనీ.

గుమ్మడిరాయికి కబురు పంపాను. నాన్న మెడ పట్టింది, ప్రమిద సిద్ధం చేసుకో అని.

శ్రావణం, రెండు రోజులు పోయాక

రేవులో మళ్లీ బుస్సుమంది.

హైమావతి మేడమ్ కాలరు మార్చి చూశారు. ఇంకోటి తొడిగారు. అదీ బుస్సుమంది. షమీమ్ నాతోపాటే లిఫ్టులో దిగి వచ్చింది, గెలుపు కళ్లారా చూద్దామని. తను వచ్చి నా గడ్డం కింద వేళ్లు పెట్టింది. మడతను పైకి నెట్టి వదిలింది.

"దిగిపోయింది," అంది చివరికి.

"ఏమిటమ్మా దిగిపోయింది?"

"పైన నీ సర్మం తేలుతాది బాబాయ్. ఆ తేలే మెడనే నాను బిగించినాను. ఇక్కడ బరువుకి అది కిందకి పడతాది. మడత పడే సోటు వేరు. నా కొట్టుకొచ్చేవాళ్లెవరూ బరువులోకి దిగరు, పైనే అద్దం సూసుకుని ఎల్లిపోతారు. ఇన్నేళ్లలో నాకెప్పుడూ తట్టలేదు." నా మెడ మీంచి చెయ్యి తీసేసింది. "నీ రోజులన్నీ నాను పాడు సేసినాను."

"ఏం పాడు చేయలేదు. పై మెడ బిగిసింది కదా. ఇప్పుడు కింది మెడ బిగిద్దాం," అన్నాను.

హైమావతి మేడమ్ కాలరు తుడుచుకుంటూ, "పడవకి ముందు ఇంకొక్కసారి పరీక్ష చేస్తాను. అంతకంటే ఎక్కువ నా చేతిలో లేదు," అన్నారు.

షమీమ్ అప్పటికే లెక్కలు వేసుకుంటోంది. మిషను కిందకి తేవాలి. నన్ను నిటారుగా కూర్చోబెట్టే కాపాలి, పడుకోబెడితే చర్మం మళ్లీ వేరే వైపు జారుతుంది. ఊరికే వచ్చిపోతే చాలదు. మొహంలో నీరు దిగి, మెడ తన అసలు జాగాలో కూర్చోవాలంటే నేను బరువులోనే కాపురం ఉండాలి. పడవ రోజు దాకా.

"మోకాళ్లు?" అంది.

"మోకాళ్లను ఎవరడిగారు," అన్నాను.

భాద్రపదం

బరువు పేటలో అద్దెగది. మంచం నేలకి అంటుకుని ఉంటుంది, నేను మంచానికి అంటుకుని ఉంటాను. లేవడానికి ముందు గోడ, తర్వాత కుర్చీ, తర్వాత దేవుడు. చెంబు కింద పెడితే పెట్టినచోటే ఉంటుంది, అది మాత్రం బాగుంది. వరహాలమ్మకు ఇక్కడి బరువు పడదు, పైనుంచి తెరలో మాట్లాడుతుంది. మొహం పీక్కుపోయిందంటుంది. నీరు దిగుతోంది వరహాలూ, అదే కదా మనకి కావాల్సింది అంటాను.

షమీమ్ మిషను తెచ్చి గది మూలలో పెట్టింది. తన కొట్టు సగం రోజులు మూసేస్తోంది. వద్దంటే వినదు. నిటారుగా కూర్చుంటాను, గడ్డం ఎత్తుతాను, ఆమె పిడిని కింద నుంచి పైకి, వెనక్కి తిప్పుతుంది. "ఎంత?" "ఆరు." "ఇప్పుడు?" "ఏడున్నర, ఆపు." "అలాగ రా దారికి," అంటుంది.

బిగువు కొంచెం కొంచెంగా వస్తోంది. ఎడమవైపు బాగా వస్తోంది. బొబ్బ లేచిన కుడివైపు మొరాయిస్తోంది.

భాద్రపదం చివర

దమయంతి తెరలోకి వచ్చింది. అక్కడినుంచి మాట రావడానికి కాస్త ఆలస్యమవుతుంది, అందుకని మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ముందు నవ్వు వస్తుంది, తర్వాత మాట. ఈసారి నవ్వు రాలేదు.

"నానా, నువ్వు రావద్దు," అంది. "అమ్మ అంతా సెప్పింది. నడవలేకపోతన్నావంట. ఆ ఇంజినీరు వాళ్లమ్మ వస్తానంది. పేరుదేటుంది, సెక్కుకోనీ."

"పేరు కోసమా నేను ఏడుస్తున్నది?"

"మరి దేనికి?"

దేనికో నాకూ చెప్పడం రాలేదు. మెడ తడుముకున్నాను. అది తెరలో అక్కడికి చేరేసరికి ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

"అసలు సంగతి చెప్పు దమ్మూ," అన్నాను.

"భయమేస్తంది నానా. లెక్కలన్నీ సరిపోయాయి. మిషన్లన్నీ బాగున్నాదన్నాయి. అయినా నువ్వు ఒక్కడివీ తలమూత తీసి కూకున్నట్టు కలొస్తంది. ఆవిడైతే నాకింత భయం లేదు. అలాగనుకున్నందుకు సిగ్గుగా ఉంది."

నాకు ఒళ్లంతా వెలిగినట్టయింది. పెద్దలు ఈ కట్టుబాటు ఎందుకు పెట్టారో ఐదో తరగతివాడికి అప్పుడు బోధపడింది. "నీకు భయమేస్తోందంటే నేనే రావాలన్నమాట," అన్నాను. "ఆవిడ కూడా ఒకరికి అమ్మే కదా. నాకోసం ఎంత భయపడతావో అంత భయంతో ప్రతి తలుపూ మళ్లీ చూడు. మిషను చెప్పిందని వదలకు. నీ చేత్తో తడుము."

ఆలస్యం తర్వాత తలూపింది.

ఆశ్వయుజం మొదట

దమయంతి కబురు: నీటిగది తలుపు కింద సీలు వెంట్రుకవాసిలో కారుతోంది. మిషను దాన్ని పట్టలేదు. తడి చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగిలిందట. మార్చేసింది. మిగతా తలుపులన్నీ మళ్లీ మొదటినుంచి చూస్తోంది.

వరహాలమ్మ ఇది తెరలో రెండుసార్లు చదివింది. తర్వాత, "కుడిపక్క ఎలాగుంది?" అంది. ఆవిడకి నన్ను పంపాలనే ఉందని నాకు అప్పుడు ఖాయమైంది.

ఆశ్వయుజం, పడవ రోజు

నడిచి వెళ్లాను. అద్దెగది దగ్గర్నుంచి రేవుదాకా నా కాళ్లతో నేనే. షమీమ్ పక్కన నడిచింది కానీ పట్టుకోలేదు, పట్టుకోనివ్వలేదు.

హైమావతి మేడమ్ కాలరు తొడిగారు. గాలి కొట్టారు. ముల్లు నిలిచింది.

"గడ్డం ఎత్తండి. ఎడమకి తిప్పండి."

నిలిచింది.

"కుడికి."

ముల్లు వణికింది. కాస్త దిగింది. నేను ఊపిరి బిగబట్టాను. షమీమ్ నా వెనకాల తన దేవుణ్ని తలుచుకోవడం వినపడింది. ముల్లు దిగినచోట ఆగింది, హద్దు గీతకి పైనే.

"దగ్గండి."

దగ్గాను. ఆగిన ముల్లు ఆగినట్టే ఉంది.

"పట్టింది," అన్నారు మేడమ్.

"మళ్లీ చెప్పండి."

"పట్టింది తవిటినాయుడు గారూ. పడవ బయలుదేరుతోంది, పొగడ్తలు మీరు తిరిగొచ్చాక."

షమీమ్ వైపు తిరిగాను. గోడకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయింది. "ఎల్లు బాబాయ్," అంది, "నాకిప్పుడు లేసే ఓపిక లేదు."

కార్తీకం, గుమ్మడిరాయి లోపల

ఇది లోపల కూర్చుని రాస్తున్నాను. తలమూత నా పక్కన నేలమీద ఉంది. మెడకి గాలి తగులుతోంది. ప్రమిద వత్తి నిటారుగా, కదలకుండా వెలుగుతోంది.

ద్వారం ముందు, పడవ గాలి ఉన్న గదిలో, దమయంతి నా కాలరు తనే వదులు చేసింది. బిగిసిన మెడ మీద చెయ్యి వేసి ఒకసారి తడిమింది, తలుపు సీళ్లు ఎలా తడిమి ఉంటుందో అలాగ. "పద నానా," అంది. కట్టినవాళ్లు అందరికంటే చివర రావాలి, అదీ కట్టుబాటే. తలుపు మూసుకుంది. నేను తలమూత తీశాను.

మొదటి ఊపిరి కొత్త సున్నం వాసన వేసింది. రెండోది చల్లగా దిగింది. మూడోదానికి నవ్వొచ్చింది. ఆ తర్వాత లెక్క పెట్టలేదు. వీధి పొడవునా ఖాళీ ఇళ్లు. తలుపులకి రంగు ఇంకా తడిగా ఉంది. ఒక ఇంట్లో ఎవరో ముందే ఉయ్యాల కొక్కెం బిగించి పెట్టారు. ఇక్కడ మనుషులు తిడతారు, వండుతారు, పిల్లల్ని నిద్రపుచ్చుతారు. అంతా ఈ గాల్లోనే. ఇది మా అమ్మాయి గాలి. బాగుంది. పదికి పది. ఈసారి అబద్ధం కాదు.

నూనె అడుక్కి వచ్చింది. తలుపు తీశాక సందట్లో మరిచిపోతాను కాబట్టి, ఎవరెవరికి చెప్పాలో ఇక్కడే రాసేస్తున్నాను.

వరహాలమ్మకి, అందరికంటే ముందు. తెరలో చూసే ఉంటుందని వదిలేయకూడదు, నోటితో చెప్పాలి. నెమ్మదిగా చెప్పాలి, గుండెలో మిషను ఉంది.

మా పెద్దక్క బంగారమ్మకి. చెవులు వినపడవు, పెద్ద అక్షరాలతో రాసి చూపించాలి. ఏడుస్తుంది, ఏడవనివ్వాలి.

మా తమ్ముడు సన్యాసికి కాస్త ఆలస్యంగా. ముందే తెలిస్తే తనే ఊరు కట్టినట్టు చెప్పుకుంటాడు.

వరహాలు చెల్లెలు రమణమ్మకీ, ఆమె మొగుడికీ. ఇద్దరికీ మాటల్లేవు, విడివిడిగా చెప్పాలి.

మేనత్త కొడుకు గవరయ్య బావకి. ఈ వయసులో మెడకి సోకులేంటని నవ్వాడట. ఫొటోతో చెప్పాలి, పక్కనుంచి తీసిన ఫొటో.

షమీమ్‌కి. చుట్టం కాదని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి.

దమయంతికి. తలుపు అద్దానికి అవతల నిలబడి ఉంది, తలమూతలో మొహం, రెండు చేతులూ అద్దం మీద. ఇక్కడి మాట అక్కడికి వినపడదు. లోపలివాళ్లు వట్టి చేత్తో తలుపు తట్టాలి, అప్పుడే బయట నమ్ముతారు. దీపం కొండెక్కింది. ఆమెకి నేనే చెప్పాలి, లేస్తున్నాను.